ఆమె చదివి వినిపించిన దీవి

మా ఆవిడ ఆ గ్రీకు దీవి గురించి నాకు ఆరు నెలల పాటు చదివి వినిపించింది. ఆ ఆరు నెలలూ నేను ఊఁ కొట్టాను.

ఊఁ కొట్టడం అంటే తేలికనుకునేరు. టీవీలో క్రికెట్ చూస్తూ, ఆఫీసు మెయిళ్లకు జవాబులు రాస్తూ, కంచంలో చెయ్యి పెట్టుకుని కునికిపాట్లు పడుతూ కూడా, అవతలి మనిషి ఊపిరి తీసుకునే చోట సరిగ్గా ఊఁ అనాలి. ముందు అంటే అనుమానం వస్తుంది. ఆలస్యంగా అంటే గొడవ వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నేను ఇందులో ఆరితేరాను. నాకున్న చెవులు రెండూ ఆఫీసుకే రాసిచ్చేశానని మా అమ్మాయి వెక్కిరించేది. నేనూ నవ్వేవాణ్ని.

మేముండేది సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో, తొమ్మిదో అంతస్తు ఫ్లాట్. నా ఉద్యోగం రాఫెల్స్ ప్లేస్‌లో, ఓ బ్యాంకు కంప్యూటర్ల విభాగంలో. పెళ్లికి ముందు మా ఆవిడ రెండేళ్లు గోదావరి జిల్లాలో సోషల్ టీచరుగా చేసింది. ఇక్కడికొచ్చాక ఆ చదువు వంటింటి అటక మీదికెక్కింది. అమ్మాయి పెద్దదై సైన్స్ పార్క్‌లో ఉద్యోగంలో చేరి, అటువైపే గది తీసుకున్నాక, మా ఆవిడకు మధ్యాహ్నాలు బొత్తిగా తోచలేదు. అలాంటి ఓ మధ్యాహ్నం ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఆ పేజీ దొరికిందట. ఏదో చిన్న దీవి, దాని చరిత్ర, అక్కడ చూడదగ్గ చోట్లు. అంత పొడుగు పేజీ. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అక్కడికక్కడే తెలుగు చేసి చదివేది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, క్లాసులో పిల్లలకి చెప్పినట్టే చెప్పేది. చదివిందే మళ్లీ చదివేది.

మొదట్లో మా తెలుగువాళ్లలోనే ముగ్గురు ఆడవాళ్లు కలిసి వెళ్దామనుకున్నారు. ఒకావిడకు మోకాలు నొప్పి పట్టుకుంది. ఇంకొకావిడకు కొడుకు పరీక్షలు అడ్డొచ్చాయి. మిగిలింది మా ఆవిడ. ఓ రోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"పోనీ మీరు రాకూడదూ? వారం రోజులే కదండీ."

"ఆ రాళ్లూ రప్పలూ చూడ్డానికి అంత దూరమెందుకే? దీవే కావాలంటే ఆదివారం సెంటోసా తీసుకెళ్తాను, పద," అన్నాను.

ఆమె నవ్వలేదు. రెండు రోజులు పోయాక తనే టికెట్ కొనుక్కుంది. యాభై మూడేళ్ల వయసులో, ఒక్కతే. నేను కొంచెం బెదిరాను గానీ బయటపడలేదు. గోంగూర పచ్చడి, కందిపొడి, అటుకులు, బుల్లి ఎలక్ట్రిక్ కుక్కర్ సర్దుకుంటుంటే, గ్రీకువాళ్లకి అన్నదానం చేస్తావా ఏంటని ఏడిపించాను. వెళ్లేముందు ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటించింది. నా బీపీ మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయి, చారుపొడి ఎక్కడుంది, చెత్త ఏ పూట పడెయ్యాలి, అన్నీ రాసింది. అడుగున తను దిగే ఇంటివాళ్ల నంబరు. నాకేది ఎక్కడుందో ఆమెకు పూర్తిగా తెలుసు.

వెళ్లిన మూడు రోజులూ ఫొటోలు పంపింది. నేను చూశాను. చూశానంటే, బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాను.

నాలుగో రోజు ఫోన్ చేసినప్పుడు నాకు మధ్యాహ్నం, ఆమెకు తెల్లవారు ఏడు. సెప్టెంబరు నెల. ఆఫీసు దగ్గర హాకర్ సెంటర్‌లో ఈ చోటు నాదని బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసి, చేపల సూపు లైనులో నిలబడ్డాను. వెనకాల ఒకటే గోల.

"ఏవండీ, బయల్దేరుతున్నాను," అంది.

ఎక్కడికి, అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఇది తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. గడప దాటే మనిషిని ఎక్కడికి అని అడగం. అడిగితే వెళ్లిన పని కాదంటాం. మరీ తెలుసుకోవాలనిపిస్తే దూరమా అంటాం, ఎందాకా అంటాం. మా అమ్మ దగ్గరైతే ఎవరైనా నోరు జారి ఎక్కడికి అన్నారో, ఆ మనిషిని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మళ్లీ పంపేది. అడిగినవాళ్లకు చీవాట్లు పడేవి. పందొమ్మిదేళ్లుగా సింగపూర్‌లో ఉండి, ఇంతమందికి కంప్యూటర్లు నడపడం నేర్పినవాణ్ని, నేనూ ఆ మాట అడగను. అందులోనూ ఆడమనిషి, పరాయి దేశం, ఒక్కతే కొండలెక్కుతోంది. అడగకపోవడమే మంచిదనుకున్నాను.

"సరే, నీళ్లు పట్టుకెళ్లు," అన్నాను.

ఒక్క క్షణం ఆగింది. "ఇంకేం లేదా?"

"ఏముంటుంది? లైనులో ఉన్నాను, నా వంతొచ్చింది."

"ఉంటానండీ," అని పెట్టేసింది.

ఆచారం మీదికి నెట్టేస్తున్నాను గానీ, ఎక్కడికి అనకుండానే అడగడానికి మనకు ఎన్ని మాటలున్నాయో ఇందాకే చెప్పాను. ఎందాకా అనొచ్చు. అదీ అనలేదు. సూపు చల్లారిపోతుందని తొందర. ఆమె ఆగిన ఆ ఒక్క క్షణం నేను అడుగుతానేమోనని చూసిందని ఇప్పుడు నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఫొటోలు రాలేదు. మెసేజ్ పెడితే చేరింది, చదివినట్టు లేదు. పడుకునే ముందు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఎక్కడో తిరుగుతూ ఉంటుంది, సంచిలో ఉండుంటుందిలే అనుకుని నిద్రపోయాను. హాయిగా నిద్రపోయాను, అది కూడా చెప్పాలి.

పొద్దున్న ఐదున్నరకు లేచి చూస్తే మెసేజ్ అలాగే ఉంది. చేశాను. మోగింది. మళ్లీ చేశాను. మోగింది. అక్కడ అర్ధరాత్రి దాటింది కదా, నిద్రలో ఉందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ మా ఆవిడ ఫోన్ మోగితే చంటిపిల్ల తల్లిలా లేచి కూర్చునే మనిషి. పదోసారీ ఎత్తలేదు. ఫ్రిజ్ మీద కాగితంలోని నంబరు నొక్కాను.

ఆ ఇంటావిడ ముసలిది, ఇంగ్లీషు అంతంతమాత్రం. నిద్రగొంతుతో లేచి, మా ఆవిడ గదికి వెళ్లి చూసి వచ్చింది. మంచం దుప్పటి నలగలేదంది. నిన్నటి నుంచి గాలి విపరీతంగా ఉందట, పడవలు ఆపేశారట. గాలికి భయపడి అవతలి ఊళ్లో ఎవరింట్లోనో ఆగిపోయిందనుకుందట. ఆ దీవికంతటికీ ఉన్న ఒక్క పోలీసునీ లేపింది. ఆ చీకట్లో, ఆ గాలిలో, ఆ కొండల మీద మనుషుల్ని పంపలేనని, తెల్లవారగానే బయల్దేరతామని అతను చెప్పాడట.

"ఎటు వెళ్లింది?" అని అడిగింది ఆవిడ.

నేను ఫ్రిజ్ మీది కాగితాన్ని మళ్లీ పైనుంచి కిందిదాకా చదివాను.

"దీవి చిన్నదే గానీ దారులు నాలుగు. మనుషులు తక్కువ. ఎక్కడికి వెళ్లిందో చెప్పు. నీ భార్య కదా, నీకు తెలియాలి."

తెలియదని అనలేకపోయాను. కనుక్కుని చెప్తానన్నాను. ఎవర్ని కనుక్కుంటాను?

అక్కడ తెల్లవారేసరికి నాకు మధ్యాహ్నం పన్నెండవుతుంది. ఇంకా ఆరు గంటలు ఆగాలి. ఇక్కడేమో తెల్లారిపోతోంది, కింద పిల్లలు బస్సెక్కుతున్నారు, ఎవరో బట్టలారేస్తున్నారు. అక్కడ ఆమె చీకట్లో ఉంది. ఎక్కడో. బతికి ఉందో లేదో. వంటింట్లో గట్టు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

ఆ పేజీ వెతికి పట్టుకున్నాను. ఆరు నెలలు నా చెవి పక్కనే ఉన్నదాన్ని మొదటిసారి కళ్లతో చదివాను.

ముందు చరిత్ర ఉంది. ఎప్పుడో సముద్రం మీద వచ్చినవాళ్లు రాళ్లతో ఊరు కట్టారట. తర్వాత వెనిస్ దొరలు వచ్చి కొండకొమ్మున కోట కట్టుకున్నారు. ఓ ఏడాది సముద్రపు దొంగలు వచ్చి ఊరు ఊరంతటినీ పడవలెక్కించుకుపోయి బానిసలుగా అమ్మేశారు. చాలా ఏళ్లు ఆ దీవి మీద మేకలు తప్ప ఎవరూ లేరు. మళ్లీ ఎక్కడినుంచో కొన్ని కుటుంబాలు వచ్చి, ఈసారి సముద్రానికి కనపడకుండా కొండల మడతలో ఇళ్లు కట్టుకున్నారు. బార్లీ పండించారు, అత్తిపళ్లు ఎండబెట్టారు, ఇంటికో చిన్న చర్చి కట్టుకుని ఏటేటా సున్నం కొట్టారు. ఆ తర్వాత బతకలేక ఓడలెక్కి తలో దేశం పోయారు. ఇప్పుడు చలికాలంలో ఊళ్లో ఉండేది గుప్పెడు మంది.

దొంగలు ఊరు ఊరంతటినీ ఎత్తుకుపోయారన్న చోట ఆమె గొంతు గుర్తొచ్చింది. "చూశారా, చంటిపిల్లలతో సహా ఎత్తుకుపోయారటండీ," అంది. ఆ తర్వాత ఇంకేదో కూడా అంది. ఏమందో రావడం లేదు. ఎంత తల బాదుకున్నా నాకు వినిపిస్తున్నది నేనన్న ఊఁ ఒక్కటే.

చరిత్ర అయ్యాక చూడదగ్గ చోట్లు. కోట ఉంది, దాని గోడ ఓ పక్క కూలిపోయింది, జాగ్రత్త అని రాశారు. కొండచరియకు అతికించినట్టున్న మఠం, దానికి చేతిపట్టు లేని మెట్లు. పడవలో వెళ్లాల్సిన గుహ. దీవి చివర దీపస్తంభం, కాలినడకన రెండు గంటలు. కొండ వెన్ను మీద రెక్కలూడిన గాలిమరలు. వీటన్నింటినీ ఎవరో చాలా ముచ్చటగా వర్ణించారు. సూర్యాస్తమయం ఇక్కడి నుంచి చూసి తీరాలన్నారు. నాకు మాత్రం ప్రతిచోటా ఆమె పడిపోవడమే కనపడింది. మఠం మెట్ల మీద నుంచి పడింది. గుహలో అల లాక్కుపోయింది. గోడ కూలింది. ఒకే పేజీలో మా ఆవిడ ఐదు రకాలుగా చచ్చిపోయింది.

మధ్యమధ్యలో ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. తొమ్మిదింటికి మోగడం కూడా ఆగిపోయింది.

అమ్మాయి పదింటికి వచ్చింది. ట్రైన్‌లో ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. వచ్చీ రాగానే ల్యాప్‌టాప్ తెరిచి ఎవరెవరికో ఉత్తరాలు రాసింది, ఫోన్లు చేసింది.

"డాడీ, మమ్మీ మీకు ప్లాన్ చెప్పలేదా?"

"చెప్పింది. ఆరు నెలలు చెప్పింది."

"దెన్? యూ గాట్ లిజన్ ఆర్ నాట్?"

"నీకు చెప్పలేదా మరి?" అని గట్టిగా అరిచాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కూతురి మీద చూపించాను.

అది తల దించుకుంది. "చెప్పబోయింది. లింక్ పంపించు మమ్మీ, చదువుకుంటా అన్నాను." ల్యాప్‌టాప్ వైపే చూస్తూ, "చదవలేదు," అంది.

ఇద్దరం ఒక బాపతే. అది నా కూతురే.

పన్నెండు కాగానే పోలీసు తనే ఫోన్ చేశాడు. కుర్రవాడి గొంతు, మంచి ఇంగ్లీషు. నలుగురు మనుషులున్నారని, కోట ఉత్తరాన, మిగతావన్నీ దక్షిణాన అని, ఈ గాలిలో రెండువైపులకీ ఒకేసారి పంపలేనని చెప్పాడు. "ఎటు వెళ్తానందో మీకు కచ్చితంగా తెలుసా సార్?"

ఇక్కడ నేను చేసిన పని జీవితంలో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. చెప్తున్నాను. ఊరూ పేరూ తెలియని ఓ పోలీసు ముందు, నా పెళ్లాం ఏం చెప్పిందో నేను వినలేదని ఒప్పుకోవడానికి నాకు నామోషీ వేసింది. చరిత్రంటే ఇష్టం కదా, కోటకే వెళ్లి ఉంటుందని ఊహించాను. ఊహ అని చెప్పొచ్చు. చెప్పలేదు.

"కోటకి. నాతో చెప్పింది," అన్నాను.

అతను థాంక్స్ చెప్పి పెట్టేశాడు. అమ్మాయి నన్నే చూస్తోంది.

"మమ్మీ నిజంగా చెప్పిందా?"

"చరిత్ర టీచరే. కోట కాకపోతే ఇంకేం చూస్తుంది?"

"డాడీ, ఎనీహౌ నోటికొచ్చింది చెప్పకండి లా," అంటూ తన ఫోన్ తీసి పాత ఫొటోలు వెనక్కి జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగి నా ముందు పెట్టింది. కోట. కూలిన గోడ పక్కన మా ఆవిడ, టోపీ ఎగిరిపోకుండా చేత్తో పట్టుకుని. వెళ్లిన రెండో రోజు మా ముగ్గురి గ్రూపులో పెట్టిన ఫొటో. దాని కింద నేను పెట్టిన బొటనవేలు బొమ్మ.

వెంటనే పోలీసుకు చేస్తే అందలేదు. ఇంటావిడకు చేస్తే, వాళ్లు అప్పుడే కొండెక్కేశారని, పైన సిగ్నల్ ఉండదని, ఇంకో రెండు గంటలకు గానీ దిగరని చెప్పింది. ఉన్న నలుగురినీ నేనే ఆమెకు దూరంగా పంపించాను.

ఇంట్లో కూర్చోలేకపోయాను. బయట వరండాలోకి వచ్చి ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. చెప్పులు వేసుకోలేదని కూడా తెలియలేదు. దేవుళ్లందరికీ దండం పెట్టాను. మొక్కాను. తిట్టాను. ఆమెనూ తిట్టాను. ఏం పని నీకు అక్కడ, ఎవరు రమ్మన్నారు నిన్ను అని. తిడుతూనే ఏడ్చాను. మగవాడు వరండాలో నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఎదురు బ్లాకులో ఎవరో కిటికీ మూసుకున్నారు.

పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆ ఇంట్లో ఉండేది హైదరాబాదీ కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడను మేమంతా ఆపా అంటాం. కళ్లలో శుక్లాలు వచ్చి చూపు మసకబారింది, గోడ పట్టుకుని నడుస్తుంది.

"ఏమైంది భాయ్? ఆఫీస్ పోలేదా? ఎందుకు పరేషాన్ ఉన్నరు?"

చెప్పాను. ముక్కలు ముక్కలుగా చెప్పాను. విని, నుదురు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఆశ్చర్యంగా నా వైపు చూసింది.

"గాలిమరలు దాటి పోయిందేమో కదా భాయ్. ఆ కళ్లం కాడికి."

"ఏ కళ్లం?"

"గదే, గుండ్రంగ రాళ్లు పరిచిన జాగా. గింజలు కొట్టుకునేదంట పాత జమానాల. భాభీ రోజూ మూడింటికి వస్తుండె కదా. నాకు కనపడదని మొత్తం చదివి చెప్తుండె. కళ్లం అంటే ఏందని అడిగిన. బాగ నవ్వి, కూసుండి చెప్పింది. వాళ్ల నాయన కళ్లంల ఆడపిల్లల్ని అడుగు పెట్టనియ్యకపోతుండెనంట. నీళ్లు తెచ్చి గట్టు మీద పెట్టి పోవాలెనంట. అందుకే గీ కళ్లం నడుమ నిలబడి చూస్త ఆపా, ఎవరొద్దంటరో చూస్త, అన్నది. వేరే ఏం చూడకున్నా మంచిదే, అది చూస్తే చాలన్నది."

నేను గోడకు ఆనుకున్నాను.

"మీకు ఎరుకే కదా భాయ్," అంది ఆపా. "ఆయనకు చెప్పిన, నవ్విండు, అన్నది."

ఫోన్ తీసి ఆ పేజీ చివరికంటా లాగాను. చూడదగ్గ చోట్లన్నీ అయిపోయాక, పడవల వేళలు, హోటళ్లు అన్నీ అయిపోయాక, అట్టడుగున ఒకే ఒక వాక్యం ఉంది. గాలిమరల వెనక, గాలి బాగా తగిలే కొండ వాలులో, పాతకాలపు రాతి కళ్లాలు కొన్ని మిగిలి ఉన్నాయి. అంతే. అక్కడిదాకా చదివే ఓపిక పొద్దున్న కూడా నాకు లేకపోయింది.

ఇంటావిడకు చెప్తే, అక్కడికి ఎవరూ వెళ్లరే అంది. దక్షిణం వైపు, కోటకు సరిగ్గా రెండో చివర. పోలీసువాళ్లు దిగగానే పంపిస్తానంది. వాళ్లు దిగేసరికి నాకు రెండున్నర. అక్కడినుంచి మళ్లీ కొండెక్కాలి. ఆ సాయంత్రం దాకా ఎలా గడిచిందో అడక్కండి. ఆపా వచ్చి మా సోఫాలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ ఉంది. అమ్మాయి నా పక్కనే నేల మీద కూర్చుంది, నా చెయ్యి పట్టుకోలేదు.

ఐదింటికి ఫోన్ మోగింది. బతికే ఉంది.

కళ్లం కొండ అంచున ఉందట. అంచు దాటితే, రాతిగోడ కింద, మనిషి ఎత్తు లోతున పాత పొలం మడి. గాలి తోసిందో, కాలు జారిందో, ఆ కిందికి పడింది. తుంటి ఎముక విరిగింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ రాళ్ల మధ్య గోడను కరుచుకుని పడి ఉంది. నీళ్ల సీసా చేతికి అందింది గనక బతికింది.

గాలి తగ్గాక ఆమెను పక్కనున్న పెద్ద దీవి ఆసుపత్రికి మార్చారు. నేను వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయింది. పెదాలు పగిలిపోయి, మొహం ఎండకు నల్లబడి, చెయ్యి పట్టుకుంటే ఎండుపుల్లలా ఉంది. నేను ఏడుస్తుంటే ఆమే నన్ను ఊరుకోబెట్టింది.

"నడిమధ్యన నిలబడ్డానండీ," అంది. "గింజలు తూర్పారబట్టడానికి ఆ గాలి బ్రహ్మాండంగా ఉంది. మా నాన్న చూస్తే వదిలేవాడు కాదు."

కాసేపటికి మళ్లీ తనే చెప్పింది. "పడ్డప్పుడు ఫోన్ ఇంకా కిందికి పోయింది. కనపడుతోంది గానీ అందదు. రాత్రంతా మీరు చేస్తూనే ఉన్నారు కదా. మోగినప్పుడల్లా వెలిగేది. అది వెలుగుతుంటే ఎంత ధైర్యంగా ఉందో. ఎక్కడున్నానో మీకు తెలుసు, తెల్లారగానే ఎవర్నో ఒకర్ని పంపిస్తారు, అంతవరకు ఓర్చుకుంటే చాలు అనుకున్నాను. అదే అనుకుంటూ ఉన్నాను."

నేను ఊఁ అన్నాను.

ఆ క్షణాన నిజం చెప్పి ఉంటే కొట్టేదేమో, తిట్టేదేమో, ఏదో ఒకటి అయ్యేది. నేను ఊఁ అన్నాను. వరండాలో డాక్టరును పట్టుకుని, ఓ మూడు గంటలు ముందు దొరికి ఉంటే ఏమన్నా తేడా ఉండేదా అని అడిగాను. మందులు రాస్తూ ఆయన తలెత్తి నన్ను చూశాడు. మళ్లీ కాగితం మీదికి వంగాడు. ఆమె ఇప్పుడు ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తుంది.

సింగపూర్ వచ్చిన వారానికే ఆపా ఆమెకు అంతా చెప్పేసింది, కళ్లం సంగతి నాకు తన దగ్గరే తెలిసిందని కూడా. చాడీలు చెప్పే మనిషి కాదు. మా ఆవిడకు తెలుసనుకుంది. ఆ రోజు సాయంత్రం మా ఆవిడ చేతికర్రతో ఇంట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, నా వైపు చూసింది. దెబ్బలాడుతుందని ఎదురుచూశాను. దెబ్బలాడితే బావుండునని ఎదురుచూశాను. "బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచి మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక చప్పుడు లేదు. నేను టీవీ పెట్టడం మానేశాను. మధ్యాహ్నం మూడింటికి ఆమె ఫోనూ కళ్లజోడూ తీసుకుని బయల్దేరుతుంది. సెలవు రోజుల్లో నేను ఇంట్లో ఉంటే ఎక్కడికి అని అడుగుతాను. గడప దగ్గరే, మొహం మీదే అడుగుతాను. మా అమ్మ బతికుంటే చెంప పగలగొట్టేది. ఆమె అపశకునం అనదు, వెనక్కొచ్చి కూర్చోదు, మంచినీళ్లు తాగదు. "పక్కింటికి," అని వెళ్తుంది. గోడకు చెవి పెడితే చదువుతున్న గొంతు వినపడుతుంది, మాటలు అర్థం కావు. ఈమధ్య అప్పుడప్పుడు ఇద్దరూ నవ్వుకుంటున్నారు కూడా.

పోయిన ఆదివారం ఇక తట్టుకోలేకపోయాను. అన్నాలయ్యాక ఆ పేజీ తెరిచి, కళ్లజోడు తెచ్చి, ఫోన్‌తో పాటు ఆమె ముందు పెట్టాను. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"ఒక్కసారి చదవవే. మొదట్నుంచీ. దొంగలొచ్చిన దగ్గర్నుంచీ. ఆ కళ్లం దాకా."

ఆమె ఫోన్ వైపు చూసింది. కళ్లజోడు తీసి, చీర చెంగుతో అద్దాలు తుడిచి, మళ్లీ డబ్బాలో పెట్టేసింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"అన్నీ చెప్పాను కదండీ," అని, కర్ర అందుకుని కంచాలు తీయడానికి లేచింది.